చంద్రమౌళి సేటు మానేసిన చిన్న గోలీ

బి-కాంప్లెక్స్ డబ్బా మూత తీసినప్పుడు వచ్చే వాసన చాలామందికి పడదు. మా ఆయనైతే ముక్కు మూసుకుని దుకాణం మెట్ల మీదకు వెళ్ళి నిలబడతాడు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే పుట్టింట్లో అడుగుపెట్టినట్టే ఉంటుంది. చిట్యాలలో నా చిన్న మందుల దుకాణం తెరిచి, పొద్దున్నే పెద్ద డబ్బా మూత తిప్పానంటే చాలు, జనగామ బజారులోని ఆ ఇరుకు దుకాణం కళ్ళముందుకు వస్తుంది. బల్ల వెనక ఎత్తు స్టూలు, దాని మీద తెల్లచొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి కూర్చున్న చంద్రమౌళి సేటు. ఆయన చొక్కాలకు ఎప్పుడూ ఇదే వాసన. ఎన్నిసార్లు ఉతికినా పోదని వాళ్ళావిడ అనసూయమ్మ గొణిగేది.

డి.ఫార్మసీ అయ్యాక పాలకుర్తి నుంచి రోజూ బస్సులో జనగామ వచ్చి ఆయన దగ్గర పనిచేశాను. కాలేజీలో మందుల పేర్లు నేర్చుకున్నాను కానీ, మనుషులు ఆ మందులను ఇంటికి తీసుకెళ్ళి ఏం చేస్తారో ఆయన దగ్గరే తెలిసింది. ఆయనకొక పద్ధతి ఉండేది. మందులు కవర్లో వేసి, ఎలా వేసుకోవాలో చెప్పి, కవరు మాత్రం చేతిలోంచి వదిలేవాడు కాదు. వచ్చినవాళ్ళు ఒక అంచు, ఆయన ఒక అంచు పట్టుకుని ఉండేవాళ్ళు. "ఇప్పుడు నువ్వు చెప్పు, నేను ఇంట" అనేవాడు. చెప్పింది వాళ్ళు తిరిగి అప్పజెబితే విని, అప్పుడు వదిలేవాడు. "బస్సు పోతది సేటూ" అని వాళ్ళు మొత్తుకునేవాళ్ళు. "పోనీ, ఎనకొకటి వస్తది" అనేవాడు ఆయన, తాపీగా. మొదట్లో నాకు విసుగొచ్చేది. జనం పక్క దుకాణానికి పోతారని భయం కూడా వేసేది. కొందరు పోయారు కూడా.

స్టేషన్ ఘన్‌పూర్ వైపు నుంచి ఒక అవ్వ థైరాయిడ్ గోలీల కోసం వచ్చేది. ఎన్ని నెలలు వాడినా రక్తపరీక్షలో మార్పు లేదు. డాక్టరు మోతాదు పెంచుతున్నాడు. ఒకరోజు సేటు ఆమెను కూర్చోబెట్టాడు.

"పరగడుపునే ఏసుకుంటున్నవా అవ్వా?"

"ఒట్టు సేటూ. మెతుకు ముట్టలే."

"లేవంగనె ఏంజేస్తవో మొదటికెల్లి చెప్పు."

"లేస్త. మొకం కడుగుత. చాయ తాగుత. చాయల రొండు టోసులు ముంచుకుంట. గంతే. అటెన్క గోలి."

నేను నవ్వాపుకోలేక అరల వైపు తిరిగాను. సేటు నవ్వలేదు. చాయ కూడా కడుపులోకే పోతుందని ఆమెకు ఓపికగా చెప్పి, మళ్ళీ ఆమె నోట చెప్పించి, అప్పుడు కవరు వదిలాడు. ఆమె వెళ్ళాక నా వైపు చూశాడు. "ఆమె అబద్దం చెప్పలే బిడ్డా. మనం అడుగుడే తప్పు. పరగడుపునా అంటె అందరు అవ్ననే అంటరు. ఎట్ల ఏసుకుంటున్నరో చెప్పమనాలె." నాకు సిగ్గేసింది. ఆ తర్వాత ఎవరినీ చూసి అరల వైపు తిరగలేదు.

ఆయనకు ఒక్క విషయంలోనే కోపం వచ్చేది, స్టెరాయిడ్ గోలీల విషయంలో. కీళ్ళనొప్పులకని ఊళ్ళల్లో ఎవరో పొట్లాలు కట్టి ఇచ్చేవాళ్ళు. రెండు రోజుల్లో నొప్పి మాయం. ఏడాది తిరిగేసరికి ముఖం ఉబ్బి, చర్మం పలచబడి, చక్కెర పెరిగి, బొక్కలు గుల్లబారి అదే మనిషి మా మెట్లు ఎక్కలేకపోయేది. "ఆ తెల్లగోలీ ఇయ్యి సేటూ" అని చీటీ లేకుండా వచ్చినవాళ్ళతో ఆయన గొడవ పడేవాడు. అయినవాళ్ళతో కూడా పడ్డాడు. జీవితమంతా ఆ గోలీని శత్రువులా చూశాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దీనితోనే పని పడుతుంది.

నేను చేరిన ఆరో ఏడు చలికాలంలో ఆయన ఫ్యాన్ వేసుకోవడం మొదలుపెట్టాడు. నేను స్వెట్టరులో వణుకుతుంటే ఆయన నుదురు, మెడ తుడుచుకునేవాడు. "ఏంది సేటూ, గీ చలిల ఫ్యానేంది?" అంటే "వయసు బిడ్డా" అని మాట దాటేసేవాడు. నాకు అప్పుడు మూడో నెల. ఇంట్లో వాళ్ళ తర్వాత మొదట చెప్పింది సేటుకే. ఆయన ఆ రోజే నా కోసం వీపు ఆనుకునే కుర్చీ తెప్పించాడు.

ఒక మధ్యాహ్నం కింది సొరుగు సర్దుతుంటే వెనక మూలన ఒక తెల్లడబ్బా కనిపించింది. మూత సరిగ్గా పడలేదు. తీసి అరలో పెడదామని చేయి చాచాను.

"ముట్టకు!"

ఆరేళ్ళలో ఆయన నా మీద గొంతు పెంచడం అదే మొదటిసారి. డబ్బాను నా చేతికి అందకుండా లాక్కుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు. ఊరవతలి మా వాడకట్టు వాళ్ళకు ఆ మాట కొత్తది కాదు. మా అవ్వ ఎన్ని వాకిళ్ళ ముందు విన్నదో. కానీ నా గిన్నెలోని పచ్చిపులుసు తన అన్నంలో వంచుకుని తిన్న మనిషి నోట ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు. పాలకుర్తి బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. మర్నాడు వెళ్ళొద్దనుకున్నాను. జీతం కోసం కాదు, ఆ మాటకు అర్థం తెలుసుకోకుండా ఉండలేక వెళ్ళాను.

సేటు అప్పటికే షట్టరు సగం తెరిచి నా కోసం మెట్ల మీద కూర్చున్నాడు. పక్కన అనసూయమ్మ.

"కూసో బిడ్డా," అన్నాడు. "నాకు క్యాన్సర్. ప్రోస్టేట్ గ్రంథిల మొదలై బొక్కల దాక పోయింది. మూన్నెల్లకో సూది ఏస్తున్నరు. దానికి తోడు ఆ గోలీలు. మగ హార్మోన్ తయారు కాకుండ చేస్తయి. కడుపుతోని ఉన్నోళ్ళు వాటిని ఉట్టి చేతుల్తోని ముట్టద్దు. లోపలి పిండానికి ముప్పు. మూత ఊడిన డబ్బా మీద నీ చెయ్యి పడంగనె నాకు పానం పోయినట్టయింది. కారణం చెప్పకుండ ముట్టకన్న. తప్పు నాది."

ఆ రోగం సంగతి ఆయన తమ్ముళ్ళకు కూడా చెప్పలేదు. మందులమ్మేవాడికే రోగమంటే బజారంతా మాట్లాడుకుంటుందని, మగ హార్మోన్ అనేసరికి వెకిలిగా నవ్వుతారని ఆయన బెంగ. ఆ రహస్యం దాచుకోవాలంటే నన్ను అపార్థంలోనే వదిలేస్తే సరిపోయేది. రాత్రంతా ఆలోచించి రహస్యాన్నే వదులుకున్నాడు. నేను ఆయన కాళ్ళు పట్టుకోబోతే "లే లే, బజారు" అని కసిరాడు.

అనసూయమ్మే ఆ బరువును తేలిక చేసింది. "ఇరవై ఏండ్ల కింద నెలసరి ఆగినప్పుడు నాకు ఒంట్లకెల్లి ఆవిర్లొస్తె చలి పెడుతుందని ఫ్యాన్ బంద్ చేసేటోడు. ఇప్పుడు ఆ సూదులకు ఆయనకే అవే ఆవిర్లు. దేవుడున్నడు బిడ్డా," అంది. సేటు కూడా నవ్వాడు. ఆమె మాత్రం నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆ పెద్ద గోలీ పేరు నేనిక్కడ రాయను. పేరు చదివి దుకాణానికి వెళ్ళి అడిగేవాళ్ళుంటారన్న ఆయన భయం నాకూ అంటింది. దాన్ని పరగడుపున, నీళ్ళతో మింగాలి. ముందు రెండు గంటలు, తర్వాత గంట ఏమీ తినకూడదు. మనకు గోలీ అంటే తిన్నాక వేసుకునేదే. ఖాళీ కడుపున వేసుకుంటే వేడి చేస్తుందని అనసూయమ్మ దిగులు. "తిని ఏసుకుంటె రక్తంల మందు మోతాదుకు మించి కలుస్తది. అది బలం కాదు, ముప్పు" అని ఆయనే ఆమెకు చెప్పి, తిరిగి చెప్పించుకున్నాడు. నలభై ఏళ్ళుగా కళ్ళు తెరవగానే తాగిన చాయను ఆ గోలీ కోసం వెనక్కి జరిపాడు. ఆ గంట మాత్రం గడియారం వైపే చూస్తూ కూర్చునేవాడట.

నేను కాన్పుకు వెళ్ళి, బాబు పుట్టి, ఆరు నెలలకు తిరిగి వచ్చాను. స్టూలు మీద నుంచి లేవడానికి సేటు బల్లను రెండు చేతులతో పట్టుకోవడం మొదటి రోజే చూశాను. మడమల దగ్గర వాపు, చెప్పుల పట్టీలు దిగబడిన గాట్లు. రోగం ముదిరిందేమో అనుకున్నాను. "మందులు సరిగ్గా వేసుకుంటున్నరా?" అని నోటిదాకా వచ్చింది. అలా అడిగితే అందరూ అవుననే అంటారని నాకు నేర్పిన మనిషి ఎదురుగా ఉన్నాడు. బల్ల మీదున్న ఆయన స్కూటరు తాళంచెవి తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను.

"పొద్దుగాల లేవంగనె ఏంజేస్తున్నరు సేటూ? మొదటికెల్లి చెప్పుండ్రి. నేను ఇంట."

ఆయనకు నవ్వొచ్చింది. "లేస్త. నీళ్ళతోని పెద్ద గోలీలు ఏసుకుంట. గంట ఆగుత. చాయ తాగుత. టోసు కూడ ముంచుకుంట, సరేనా? తాళంచెవి ఇయ్యి."

"ఇయ్య. చాయ తర్వాత?"

"తర్వాత దుకాణం."

"చిన్న గోలీ?"

నవ్వు ఆగిపోయింది. పెద్ద గోలీతోపాటు రోజూ ఒక చిన్న స్టెరాయిడ్ గోలీ తప్పకుండా వేసుకోవాలని చీటీలో ఉంది. కాన్పుకు వెళ్ళకముందే ఆ చీటీ నేను చూశాను. సేటు అరల వైపు తిరిగాడు.

"బంద్ చేసిన. ఇరవై రోజులైతుంది. ఎంతమంది మొకాలు ఉబ్బంగ చూసిన్నే నేను? ఎంతమందితోని కొట్లాడిన? గదే గోలి నా నోట్లె నేనెట్ల ఏసుకుందు?"

"అది డాక్టరు రాయకుండ తిన్నోళ్ళ సంగతి. ఇది వేరు సేటూ. పెద్ద గోలీకి ఇది కావలి."

"నాకు నేర్పుతవా?" గొంతు లేచింది. మందుల కోసం నిలబడ్డ ఒకతను రెండడుగులు వెనక్కి వేశాడు. నేను గుప్పిట మాత్రం తెరవలేదు. "మీకేమన్న అయితె నేనెవరిని అడగాలె?" అన్నాను. అంతకంటే మంచి మాట నాకు తోచలేదు. ఏడుపు వచ్చేసింది. ఆయన తల దించుకుని తన కాళ్ళ వాపును మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "అనసూయకు ఫోన్ చెయ్యి," అన్నాడు మెల్లగా.

ఆ మధ్యాహ్నమే హనుమకొండ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రక్తపోటు బాగా పెరిగింది, పొటాషియం పడిపోయింది. పెద్ద గోలీ ఒంట్లో ఒక దారి మూసేస్తే లోపలి రసాలు ఇంకో దారిన పొంగి నీరు పట్టిస్తాయని, రక్తపోటు పెంచుతాయని, చిన్న గోలీ ఆ పొంగును ఆపుతుందని డాక్టరు చెప్పింది. అందులోనూ ఉన్నట్టుండి మానేయడం ఇంకా ప్రమాదమట. ఇంకొన్నాళ్ళు ఆగితే గుండె తడబడేదని గట్టిగానే మందలించింది. సేటు తప్పు చేసినవాడిలా చేతులు కట్టుకుని విన్నాడు. మూడు రోజుల తర్వాత ఇంటికి పంపుతూ ఆమె చీటీ అందించబోతే ఆయన తీసుకోలేదు. "జర ఆగుండ్రి మేడం. నేను చెప్త, మీరు ఇనుండ్రి," అన్నాడు. పెద్ద గోలీ, చిన్న గోలీ, రక్తపోటు, నెలనెలా కాలేయం పరీక్ష, ఎవరినీ అడగకుండా ఏదీ మానకపోవడం, అన్నీ వరుసగా అప్పజెప్పాడు. అప్పుడు చీటీ తీసుకున్నాడు.

ఆ తర్వాత రెండేళ్ళకు పైగా స్టూలు మీదే కూర్చున్నాడు. మా బాబు ఆయన ఒళ్ళో కూర్చుని ఖాళీ అట్టపెట్టెలతో బండ్లు చేసేవాడు. మందులున్న సొరుగుకు మాత్రం తాళం ఉండేది. చివరికి ఆ గోలీ రోగాన్ని లొంగదీసినంత కాలం లొంగదీసి ఇక చాలించుకుంది. రోగం మళ్ళీ పెరిగింది. నేను చూడటానికి వెళ్ళినప్పుడు ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నొప్పికి రాసిన కొత్త మందు ఎలా పట్టాలో అనసూయమ్మ అడిగితే చెప్పాను. ఆమె సరేనని సీసా అందుకోబోయింది. మంచం మీద నుంచి సన్నగా గొంతు వినబడింది.

"అనసూయా. నువ్వు చెప్పు. ఆమె ఇంటది."

సీసాకు ఒక అంచు నేను, ఒక అంచు ఆమె పట్టుకుని ఉన్నాం. ఆమె ఏడుస్తూనే మొత్తం చెప్పింది. ఒక్క చుక్క కూడా తప్పుగా చెప్పలేదు. ఆయన కళ్ళు మూసుకునే తలాడించాడు. నేను విన్న ఆయన ఆఖరి మాట అదే.

ఈ పొద్దున బి-కాంప్లెక్స్ డబ్బా ఇంకా మూయకముందే ఒక అమ్మాయి వచ్చింది. మామ కోసం తెప్పించమన్న గోలీలు తీసుకెళ్ళడానికి. సేటు వేసుకున్న అవే పెద్ద గోలీలు. ఆమెకు ఐదో నెల ఉంటుంది. నేను బల్ల దాటి బయటికి వచ్చి, కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ముందు కారణం చెప్పాను, ఆ తర్వాతే ముట్టవద్దని చెప్పాను. రేపు ఆమె భర్త వచ్చి తీసుకుపోవాలని, మామకు ఆయనే ఇవ్వాలని చెప్పాను. ఆమె అంతా విని లేవబోయింది.

"ఆగు బిడ్డా," అన్నాను. "ఇప్పుడు నువ్వు చెప్పు, నేను ఇంట."