పై వాటాలో పరుగు

మా పై వాటాలో ఉండే ఎక్స్‌రే అమ్మాయి మీద నాకు కోపం లేదు. కోపమంతా ఆమె ట్రెడ్‌మిల్ మీద. దాన్ని కొన్న ఆమె మొగుడి మీద ఇంకా ఎక్కువ.

నేను కింది వాటాలో బట్టలు కుడతాను. ఆ అమ్మాయి ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. "కదలకండి, ఊపిరి బిగపట్టండి" అని రోజంతా జనానికి చెప్పే మనిషి, తెల్లారితే చాలు, తను మాత్రం ఊపిరి తిరగకుండా పరుగెత్తాలంటుంది. మొన్నమొన్నటిదాకా వీధిలోనే పరుగెత్తేది. గేటు చప్పుడు, బూట్ల టపటప, ఆపైన మలుపు. తిరిగొచ్చేసరికి మొహం కందిపోయి ఉండేది. "ఎందుకమ్మా ఈ ఆయాసం?" అంటే, "ఇదొక్కటే నాది పిన్నిగారూ" అనేది.

ఒకరోజు కుక్క వెంటపడింది. మోకాలు దోక్కుపోయి వచ్చింది. మొగుడు కంగారుపడ్డాడు. పాపం, మంచివాడే. వెంటనే ట్రెడ్‌మిల్ తెప్పించి వెనకగదిలో, సరిగ్గా నా కుట్టుమిషను నెత్తిమీద పెట్టించాడు. "ఇక నిశ్చింత" అన్నాడు. ఎవరికో మరి!

అది మొదలు పొద్దున్నే నా ఇంటికప్పు దడదడలాడేది. ఉలిక్కిపడి ఒకాయన ప్యాంటు కుట్టు వంకర పోనిచ్చాను. దుమ్ము దులిపేద్దామని విసురుగా బయల్దేరి, మెట్ల మధ్యలో ఆగిపోయాను. పైన అడుగులూ ఆగిపోయాయి కాబట్టి.

"ఏమోయ్, నా నీలం చొక్కా ఎక్కడ?"

"వస్తున్నా" అంటూ ఆమె ట్రెడ్‌మిల్ దిగింది. వెతికిచ్చి మళ్లీ ఎక్కింది. నాలుగడుగులు పడ్డాయో లేదో, "కోడలా, నా మందుల డబ్బా కనపడట్లేదే!" అని అత్తగారు. మళ్లీ దిగింది. ఎక్కేలోపే, "అమ్మా, చెల్లి నా పెన్సిల్ విరగ్గొట్టింది!"

రోజూ ఇదే వరస. ఆమె వీధిలో పరుగెత్తే రోజుల్లో ఆ చొక్కా, ఆ డబ్బా ఎలా దొరికేవి? ఎవరివి వాళ్లు వెతుక్కునేవారు, అంతే. వింటుంటే నాకు ఒళ్లు మండిపోయేది. ఒకసారి మెట్ల దగ్గర పట్టుకుని అడిగేశాను.

"తలుపేసుకోవచ్చు కదమ్మా?"

"వేసుకుంటూనే ఉన్నా పిన్నిగారూ. తలుపవతల నిలబడి అడుగుతారు."

"తర్వాత అని చెప్పు."

"చెప్పాను. ఇంట్లోనే ఉన్నావుగా అంటారు. బయటైతే మలుపు తిరిగాక నన్నెవరూ పిలవలేరు. పోనీ బయటికే పోతానంటే, నీకోసమే కదా కొన్నాను అని ఆయన మొహం చిన్నబుచ్చుకుంటారు. ఏం చెయ్యమంటారు?"

కిందికొచ్చి ఆ విసుగంతా నా మిషను మీద చూపించాను.

నిన్న పొద్దున పైన ట్రెడ్‌మిల్ మోటారు గుయ్యిమంది. ఇప్పుడు అడుగులు పడతాయని మిషను ఆపి కూర్చున్నాను. పడలేదు. మోటారు మాత్రం తిరుగుతూనే ఉంది. కిటికీలోంచి చూస్తే ఎక్స్‌రే అమ్మాయి ఒట్టికాళ్లతో పిల్లిలా మెట్లు దిగుతోంది. ఒక చేతిలో బూట్లు, ఇంకో చేతిలో కుక్కల కోసం కర్ర. నన్ను చూసి కళ్లతోనే బతిమాలింది. తలూపాను. గేటు అవతల బూట్లు తొడుక్కుని మలుపు తిరిగిపోయింది.

పైన మొదలైంది.

"ఏమోయ్, సాక్సులు?"

మోటారు గుయ్యిమంటూనే ఉంది.

"కోడలా!"

"అమ్మా! అమ్మా!"

"చెవిన పడట్లేదేమో, గట్టిగా పిలవండర్రా" అంది అత్తగారు. అందరూ కలిసి పిలిచారు. మూసిన తలుపవతల మోటారు తిరుగుతోంది కానీ అడుగుల చప్పుడు లేదని ఆ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. కాసేపటికి విసుగెత్తి ఊరుకున్నారు. సాక్సులు దొరికినట్టే ఉన్నాయి.

మొగుడు బాల్కనీలోంచి తొంగిచూశాడు. మొహం వెలిగిపోతోంది.

"పిన్నిగారూ, చూశారా? ఎంత పిలిచినా ఇవాళ ఒక్కసారి కూడా ఆగలేదు! మీకు చప్పుడు ఇబ్బందిగా లేదు కదా?"

"లేదు నాయనా," అన్నాను. "ఇవాళే కుదురుగా పరుగెడుతోంది."