చెక్కల కింద విన్న పాట

ఇస్తారిది మెట్‌పల్లి దగ్గరి పల్లె. మస్కట్‌లో ఒక కంపెనీలో వడ్రంగి. 1991లో ఆ ఊళ్లోనే ఖురం అనే పేటలో ఒక హాల్లో కచేరీకి చెక్క వేదిక కట్టే డ్యూటీ అతనికి పడింది.

వేదిక చక్కగానే కుదిరింది. తీరా వాద్యబృందం సాధన మొదలుపెట్టాక ఎక్కడో కిర్రుమంది. వాళ్లు వాయిస్తున్నది రష్యా, కిర్గిజ్ జానపద బాణీలతో అల్లిన ఓవర్చర్. కచేరీలో తొలి అంశం అదే. ఎత్తుగడే మంద్రంగా, మెల్లగా ఉంటుంది. సరిగ్గా అక్కడే కిర్రు. బృందాన్ని నడిపించే ఇంగ్లండు మాస్టరు రెండుసార్లు ఆపేశాడు.

"ఇజ్జత్ పోయె గదా ఇస్తారీ!" అన్నాడు ఫోర్‌మన్ మొయినుద్దీన్.

"బరువు పడ్తెనే మోగుతుంది సాబ్. ఎవరూ లేవకుండ గట్లనే వాయించమనుండ్రి. నేను కిందికి పోత" అన్నాడు ఇస్తారి.

అంత పెద్ద మాస్టరుకు ఆ మాట చెప్పడానికి మొయినుద్దీన్ జంకాడు. క్లారినెట్ వాయించే ఒమానీ అమ్మాయి రాబియాకు హిందీ వచ్చు. ఆమే చెప్పింది. మాస్టరు సరేనన్నాడు.

ఇస్తారి టార్చి పట్టుకుని వేదిక కిందికి దూరాడు. వెల్లకిలా పడుకుని పైదూలానికి అరచెయ్యి ఆనించాడు. పెద్ద తీగవాద్యాల మోత చెక్కలోంచి చేతిలోకి, చేతిలోంచి గుండెలోకి దిగింది. ఊళ్లో నాట్లప్పుడు అమ్మ దేవవ్వ పాట ఎత్తుకుంటే వెనకాల ఆడవాళ్లంతా అందుకునేవాళ్లు. ఇక్కడా ఒక వాద్యం ఎత్తుకుంటే మిగతావి అందుకుంటున్నాయి. ఆ ధ్యాసలో పడి కిర్రు ఎక్కడిదో చూసుకోలేదు.

"ఇంకొక్కసారి" అన్నాడు సిగ్గుపడుతూ.

రెండోసారి చోటు దొరికింది. అతుకులో గోనెపట్టా దూర్చి, మేకు బిగించాడు. మూడోసారి ఇంకా సన్నగా మోగితే మరో మేకు కొట్టాడు. నాలుగోసారికి వేదిక నోరు మూసుకుంది.

దుమ్ముకొట్టుకుని బయటికొస్తే మాస్టరు వంగి చెయ్యి అందించాడు. ఏదో అన్నాడు. "రేపు కచేరీకి రావాలట, కుర్చీ ఉంచుతారట" అంది రాబియా. "ఇందులో కొన్ని కొండల్లో గొర్రెలు కాసేవాళ్ల పాటలు, తెలుసా?"

"పాట ఇంటె తెలుస్తనే ఉన్నది బిడ్డా" అన్నాడు ఇస్తారి.

మర్నాడు సాయంత్రం ఉతికిన చొక్కా వేసుకుని వెనక వరసలో కూర్చున్నాడు. మెల్లటి చోటు వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టాడు. చెక్క కిక్కురుమనలేదు. అప్పుడుగానీ పాట చెవికెక్కలేదు. ఆఖర్న బాకాలన్నీ ఒక్కసారి లేచాయి. అందరూ చప్పట్లు కొడుతుంటే అతను రెండు చేతులూ జోడించాడు.

ఒమాన్‌లో ఇంకా ఏడేళ్లు పనిచేశాడు. రూమ్‌లో ఎవరైనా ఈ దేశం నీకేమిచ్చిందని అడిగితే, ముందు ఈ సంగతే చెప్పేవాడు. "అంతమంది చదువుకున్నోళ్లు, నేనడిగితె నాలుగుసార్లు వాయించిండ్రు. ఒక్కలు గూడ ఇసుక్కోలె."