చోయ్‌జిల్ బావ పెద్ద ట్యాంకు

గోబీ ఎడారిలో మోటారుసైకిలుకి పెద్ద ట్యాంకు కావాలనడం వింతేమీ కాదు. మా చోయ్‌జిల్ బావ నోరు తెరిచి ఒకటి కావాలనడమే వింత. బాగున్నావా అంటే తల ఊపుతాడు, బాగాలేదా అన్నా అలాగే ఊపుతాడు. మా అక్క దుల్మాని అడగడానికి వచ్చిన రోజు మాటలన్నీ వాళ్ల మామయ్యే మాట్లాడాడు. బావ మాత్రం మా పొయ్యి కాలు వంకరగా ఉందని కనిపెట్టి, వెళ్లేలోపు దాన్ని సరిచేశాడు. అక్కకి ఆ పనే నచ్చిందట. ఇన్నేళ్లుగా ఇద్దరి మాటలూ అక్కే మాట్లాడుతోంది.

ఆ వసంతంలో అక్క తెల్ల ఒంటె తప్పిపోయింది. పెళ్లికి అమ్మ ఇచ్చిన ఒంటె అది. అమ్మ పోయింది, అమ్మ మందలో మిగిలింది అదొక్కటే. పైగా నిండు చూలుతో ఉంది. ఈనే రోజులు దగ్గరపడితే మా ఒంటెలు తాము పుట్టిన నేల వెతుక్కుంటూ పోతాయి. ఇది పుట్టింది దక్షిణాన, ఎర్రకొండలు దాటాక ఎక్కడో. మనిషి అలికిడి లేనిచోట, దుమ్ముగాలిలో ఈనితే పిల్ల బతకదు. గాలి వదిలేసినా తోడేలు వదలదు. అక్క ఏడవలేదు. కానీ పొద్దున్నే టీ కాచి మొదటి గరిటె నాలుగు దిక్కులకీ చిలకరించేటప్పుడు దక్షిణం వైపు తిరిగి చాలాసేపు నిలబడిపోయేది.

బావ రెండుసార్లు వెతకడానికి వెళ్లాడు. రెండుసార్లూ పెట్రోలు చాలక సగంలోంచే వెనక్కి వచ్చాడు. రెండోసారైతే బండి తోసుకుంటూ వచ్చాడు. దారిలో ఎవరి గుడారంలో అడిగినా ఒక సీసాడు పోసేవారే. ఎందుకు అడగలేదో తెలియదు. తర్వాత లారీ ఎక్కి సరిహద్దు సంతకి పోయి, గోనెసంచిలో ఏదో మోసుకొచ్చి నా ముందు పడేశాడు. బళ్లు బాగుచేసేది నేనే మరి. విప్పి చూస్తే గొర్రె పొట్టంత పసుపుపచ్చ ప్లాస్టిక్ ట్యాంకు.

"ఇది ఏ బండిది బావా?"

"బండిదే."

"అది నాకూ కనిపిస్తోందిలే. మన బండిది కాదుగా?"

"అవుతుంది."

అయ్యేదాకా నా ప్రాణం తోడేశాడు. సీటు పీకాను, ట్యాపు కట్టేశాను, పైపు లాగాను, పాత ట్యాంకులోని పెట్రోలు డబ్బాలోకి వంచాను. కొత్తది పెట్టబోతే ముందు రబ్బరు దిండ్లకీ దాని గుంతలకీ పొంతన లేదు. పాత ట్యూబు కోసి పొరలు పొరలుగా చుట్టాను. వెనక బోల్టు కన్నం బెత్తెడు దూరంలో ఆగిపోతే ఇనుప పట్టీకి బెజ్జాలు వేసి కలిపాను. తీరా అంతా బిగించాక హ్యాండిల్ పూర్తిగా తిప్పితే ట్యాంకుకి తగులుతోంది. మళ్లీ విప్పి హ్యాండిల్ పైకి లేపాను. ఇంత సేపూ బావ పక్కన గొంతుక్కూర్చుని పానాలు అందిస్తూ ఉన్నాడు. నాకు కుతూహలం ఆగలేదు.

"నిజం చెప్పు బావా. ఇంత ట్యాంకు ఎందుకు?"

"ఎక్కడా ఆగకుండా పోయి రావాలి."

"ఆగితే ఏమవుతుంది?"

"టీ ఇస్తారు."

"ఇస్తే తాగు!"

"అడుగుతారు."

"ఏమని?"

బావ నాకు ఇంకో పానా అందించాడు. "అన్నీ," అన్నాడు.

నేను పానా కింద పడేసి నవ్వాను. బావ నవ్వలేదు. మెడ ఎర్రబడింది. ఒక గిన్నె టీ కోసం ముక్కుపొడి సీసా ఇచ్చిపుచ్చుకుని, పశువులెలా ఉన్నాయి, చలికాలం ఎలా గడిచింది, మీరెవరి తాలూకు అంటూ సాగే ఆ మాటలు ఆయనకి మోకాళ్ల లోతు ఇసుకలో బండి తోయడం కన్నా కష్టమని నాకు అప్పుడే తెలిసింది.

అక్క ఆ ట్యాంకు చూసి, "ఇంత బోసిగా ఉందేంటి పాపం," అంటూ దానికో తొడుగు కుట్టింది. మా వైపు బట్టలేని ట్యాంకుతో ఎవరూ బండి నడపరు. దళసరి ఉన్ని గుడ్డ, అంచున ఎర్రదారం మెలికలు. మూతలోకి ఇసుక పోకుండా పైన మెత్తటి తోలు రేకు కప్పి, కింద దారంతో బిగించి కట్టింది. ముచ్చటగా ఉంది. కట్టి అటూ ఇటూ చూసుకుని, "దొరక్కపోయినా పర్లేదు, నువ్వు జాగ్రత్తగా రా," అంది బావతో. దొరక్కపోతే ఎంత పర్లేదో ఇద్దరికీ తెలుసు.

ట్యాంకు ఎలా పనిచేస్తుందో చూడాలని నేనూ వెనక ఎక్కాను. బండి తెల్లారుతూనే బయల్దేరి జోరుగా సాగింది. ఎర్రకొండల ముందు మొదటి గుడారం వచ్చింది. కుక్కలు వెంటపడ్డాయి. ఒకావిడ గరిటె పట్టుకుని బయటికి పరిగెత్తుకొచ్చి చేతులు ఊపింది.

"టీకి పిలుస్తోంది బావా!"

"చూశాను," అని బావ ఇంకా వేగం పెంచాడు.

రెండో గుడారం దగ్గర ఒకాయన టోపీ తీసి ఊపాడు, ఏదో అరిచాడు కూడా. బావ తల వంచుకుని పోయాడు. నాకు సిగ్గేసింది. ఆ టోపీ చాలాసేపు గాలిలో ఊగుతూనే ఉంది.

కొండలు దాటాక బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. తోలు రేకు విప్పి మూత తీశాను. హుష్‌మని చప్పుడయింది. లోపల పెట్రోలు నిండుగా తొణుకుతోంది. కొత్త ట్యాంకుకున్న రెండు ట్యాపులూ తెరిచే ఉన్నాయి. ప్లగ్గు తుడిచి, మూత పెట్టి, రేకు కట్టి కిక్కు కొడితే వెంటనే పలికింది. కాస్త దూరం పోయాక మళ్లీ దగ్గు, మళ్లీ ఆగడం. మూత తీస్తే హుష్. పెట్టి కొడితే స్టార్టు. నేను చేతులు పెట్టిన ఏ బండీ ఇలా ఆడుకోలేదు నాతో. నా మీద నాకే మండిపోయింది.

"పెట్రోలుంది, నిప్పుంది, ఇంకేం కావాలి దీనికి?" అన్నాను.

"టీ," అన్నాడు బావ. ఆయన వేసిన జోకు జీవితంలో నేను విన్నది అదొక్కటే.

మూడోసారి సరిగ్గా ఒక గుడారం ముందు ఆగింది. ఇక తప్పదు. కుక్క పళ్లు బయటపెట్టి నిలబడింది. వచ్చినవాడు 'కుక్కను పట్టుకోండి' అని కేకెయ్యాలి, అదే మా వైపు తలుపు తట్టడం. బావ ఆ మాట కుక్కకే రహస్యం చెబుతున్నట్టు అన్నాడు. నేను కేకేశాను.

ఆ గుడారం యంజ్మా అనే ముసలావిడది. ఉప్పు టీ పోసింది, ఎండుపెరుగు పళ్లెం జరిపింది. బావ ముక్కుపొడి సీసా రెండు చేతులా ఇచ్చి గిన్నెలో ముఖం దాచుకున్నాడు. ఆవిడ తల్లిలేని గొర్రెపిల్లని ఒళ్లో వేసుకుని సీసాతో పాలు పడుతూ, "పశువులు బాగున్నాయా? చలికాలం క్షేమంగా గడిచిందా?" అని మొదలుపెట్టింది. నేను జవాబిస్తూనే సీసా వైపు చూస్తున్నాను. పిల్ల గట్టిగా చప్పరిస్తోంది, సీసా రబ్బరు పీక అణిగిపోయింది, పాలు రావడం ఆగిపోయింది. యంజ్మా పీక అంచు కాస్త ఎత్తింది. లోపలికి గాలి పోయింది. పాలు మళ్లీ ధారగా దిగాయి.

గిన్నె దబ్బున కింద పెట్టాను. ట్యాంకు మూతలో గాలి పోయే చిన్న కన్నం ఉంటుంది. దాన్ని అక్క తోలు రేకు ఊపిరాడకుండా మూసేసింది! పెట్రోలు కారిన కొద్దీ లోపలికి గాలి రాక ధార ఆగిపోతోంది.

"బావా, తెలిసింది! లే, ఒక్క బెజ్జం వేస్తే చాలు, ఇక ఎక్కడా ఆగదు!"

బావ అప్పటికే లేచి నిలబడ్డాడు.

"కూర్చోండయ్యా," అంది యంజ్మా. "రెండో గిన్నె తాగకుండా లేస్తారా? ఇంతకీ మీరెవరి తాలూకు? ఈ మాటలు రాని అబ్బాయి ఎవరు?"

బావ నా వైపు చూశాడు. నేను కావాలనే పైకప్పు చూశాను.

"దుల్మా భర్తని," అన్నాడు చివరికి.

యంజ్మా సీసా పక్కన పెట్టేసింది. "ఉత్తరాన ఉండే దుల్మానా? ఓరి నీ ఇల్లు బంగారంగానూ! నీ కోసమే కదయ్యా ఊరూవాడా కబురు పంపాను! ఆ తెల్ల ఒంటె తొడ మీద మీ అత్తగారి ముద్ర చూసి పట్టి కట్టేశాను. దారిన పోయే ప్రతివాడికీ చెప్పి పంపాను. కొండల అవతలి రెండు గుడారాలకీ నిన్ననే కబురు చేరిందట. మీరు కనిపిస్తే ఆపి చెప్పమన్నాను. వాళ్లు చెప్పలేదా?"

గరిటె, టోపీ రెండూ నా కళ్ల ముందు ఊగాయి. బావ మళ్లీ కూలబడ్డాడు.

"పిలిచారు," అన్నాడు. "నేనే... టీకి అనుకున్నాను."

యంజ్మా పగలబడి నవ్వింది. తర్వాత ఆయన ముఖం చూసి నవ్వు ఆపి, చెయ్యి పట్టుకుని గుడారం వెనక్కి తీసుకెళ్లింది. గాలి తగలని మూల తెల్ల ఒంటె నిలబడి ఉంది. దాని కాళ్ల కింద తడి ఇంకా ఆరని పిల్ల ఒకటి, పాత ఉన్ని ముక్క కప్పుకుని. పొద్దున్నే ఈనిందట, పిల్ల అడ్డం తిరిగితే యంజ్మా చేత్తో సరిచేసిందట. బావ పిల్ల మెడ మీద అరచెయ్యి ఆనించి ఉండిపోయాడు. ఏడుస్తున్నాడని భుజాలు చూస్తే తెలిసింది.

"నడిచే ఓపిక వచ్చాక తోలుకెళ్దువుగాని, ఇక్కడే ఉండనీ," అంది యంజ్మా. రెండో గిన్నె తాగాం. మూడోది బావే అడిగి పోయించుకున్నాడు.

నేను సూదితో తోలు రేకుకి బెజ్జం వేశాను. తిరుగు ప్రయాణంలో బండి ఒక్కసారి కూడా దగ్గలేదు. ట్యాంకులో ఇంకా సగం పైనే పెట్రోలు. కొండలు దాటాక టోపీ ఊపిన ఆయన గుడారం కనిపించింది. బావ వేగం తగ్గించి, గుమ్మం ముందుకి తీసుకెళ్లి, తాళం తనే తిప్పి ఇంజను ఆపాడు.

కుక్క మీదికొచ్చింది. నేను నోరు తెరవబోయాను.

"కుక్కను పట్టుకోండీ!" అని కొండలు మార్మోగేలా కేకేశాడు మా బావ.