హుల్దా మాట్లాడాలి

మా సండే స్కూలు టీచరమ్మ పోయారన్న కబురు మా అమ్మ ఫోన్‌లో చెప్పింది. మధ్యాహ్నం ఆఫీసు మీటింగులో ఉన్నాను. "టీచరమ్మగారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారే. పొద్దున టీ తాగి కుర్చీలో కూర్చున్నారట. అలాగే, నిద్రపోయినట్టే" అంది. ఏడవాల్సిన చోట నాకు ముందు భయం పుట్టింది. ఎందుకంటే, ఆవిడ సమాధి కార్యక్రమంలో నేనే మాట్లాడతానని రెండేళ్ల కింద ఆవిడకు మాటిచ్చాను. మా చర్చి సంఘంలో ఆడవాళ్లు పాటలు పాడతారు, పిల్లలకు పాఠాలు చెబుతారు, పండక్కి బిర్యానీ వండుతారు. పెద్దల ముందు నిలబడి మాట్లాడటం మాత్రం లేదు. ఎలాగూ నన్నెవరూ పిలవరన్న ధైర్యంతోనే ఆ మాటిచ్చాను.

నిజానికి ఆవిడ వృత్తి పాఠాలు చెప్పడం కాదు, సినిమాలకు బట్టలు కుట్టడం. ఆవిడ భర్త ఒక స్టూడియోలో కాస్ట్యూమ్స్ గోడౌన్ చూసేవాడు. కాపురం బోరబండలో. ఆదివారం తెల్లారగానే ఆటోలో ఫిల్మ్ నగర్ వచ్చి, ఒక ప్రొడక్షన్ ఆఫీసువాళ్లు వాడుకోమన్న కారు షెడ్డు ఊడ్చి, పాత ట్రంకుపెట్టె మీద కూర్చునేవారు. సెట్లు వేసే వడ్రంగుల పిల్లలం, లైట్‌మేన్ల పిల్లలం, డ్రైవర్ల పిల్లలం చాపల మీద. టీచరమ్మ మెడలో గొలుసుకు పిన్నీసుల గుత్తి వేలాడేది. పాఠం ఆపకుండానే ఎవరి ఊడిన గుండీ దగ్గరో ఒక పిన్నీసు పెట్టేసేవారు.

మోషే సంగతి, దావీదు సంగతి పాస్టరు అయ్యగారు చర్చిలో చెబుతారు, మిగిలినోళ్ల సంగతి నేను చెప్తా అనేవారు. ఆ మిగిలినవాళ్లంతా ఆడవాళ్లే. ఖర్జూరపు చెట్టు కింద కూర్చుని జనానికి తీర్పు చెప్పిన దెబోరా. ఆమె వెంట వస్తే తప్ప యుద్ధానికి కదలనన్నాడట సేనాపతి. ఊదారంగు బట్టల వ్యాపారం చేసుకుంటూనే అపొస్తలులకు ఇంట్లో చోటిచ్చిన లుదియ. ఎవరి గురించి చెప్పినా ఆవిడ చూపు బట్టల మీదే. ఎస్తేరు ప్రాణాలకు తెగించి రాజు ముందుకు వెళ్లిన ఘట్టం వస్తే, ముందుగా రాణి వస్త్రాలు కట్టుకుని మరీ వెళ్లిందని గట్టిగా చెప్పేవారు. భయంగా ఉన్న రోజే మంచి బట్ట కట్టుకోవాలన్నది ఆవిడ సిద్ధాంతం.

క్రిస్మస్ నాటకానికి గోడౌన్‌లోని కాస్ట్యూమ్స్, అక్కడివాళ్లను అడిగి, ఒక పూట కోసం తెచ్చేవారు. ఒక ఏడాది దెబోరా వేషం వేసిన పిల్ల సేనాపతివైపు తిరిగి ఠీవిగా చెయ్యెత్తేసరికి, ఆమె వీపు మీద "హీరోయిన్, వాన పాట" అన్న గుడ్డచీటీ కనిపించింది. ఏ బట్ట ఏ సీన్‌లోదో గుర్తుకు కాస్ట్యూమ్స్‌వాళ్లు కుట్టుకునే చీటీ అది, విప్పడం మరిచిపోయారు. షెడ్డంతా పడీ పడీ నవ్వింది, దెబోరా వెక్కి వెక్కి ఏడ్చింది. మరుసటి ఆదివారం టీచరమ్మ మా అందరికీ గుడ్డచీటీలు పంచారు. ఒక్కో చీటీ మీద బైబిల్లోని ఒక స్త్రీ పేరు. ఏడ్చిన పిల్లకు దెబోరా పేరే. ఇంక మీ వీపు మీద మీ పేరే ఉంటది అన్నారు. అప్పటి నుంచి మమ్మల్ని ఆ పేర్లతోనే పిలిచేవారు.

నాకు హుల్దా వచ్చింది. ఎస్తేరు కోసం మొక్కుకున్నదాన్ని, ఆ పేరు చూసి మూతి ముడుచుకున్నాను. హుల్దా అంటే ఎవరో మా అమ్మక్కూడా తెలియదు. టీచరమ్మ నన్ను ట్రంకుపెట్టె మీద పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ఆమె మొగుడు రాజుగారి బట్టల కొట్టు చూసేటోడు, మా ఆయన లెక్కనే. గుడిల పాత గ్రంథం దొరికితే దాని సంగతి ఏందో రాజుకు సమజ్ కాలె. అప్పుడు యాజకుడు, రాజుగారి మనుషులు ఎవరింటికి పోయిండ్రో ఎరుకనా? ఈమె ఇంటికే."

ఆ మాటతో నా మూతి సర్దుకుంది. మరుసటి క్రిస్మస్ నాటకం హుల్దాదే. గ్రంథం విని రాజు బట్టలు చించుకోవాలి. చిరిగితే గోడౌన్‌లో ఊరుకోరు కాబట్టి, అంగీ ముందుభాగం కుట్లు విప్పి, లాగితే ఊడేలా వదులుగా టాకాలు వేశారు. రాజు వాటిని ఎంత ఆనందంగా లాగాడో చెప్పలేను. రాజుగారి మనుషులు వచ్చి నా ముందు నిలబడ్డారు. నాకు మాట పోయింది. నెల రోజులు బట్టీ పట్టిందంతా గాల్లో కలిసిపోయింది. సరిగ్గా అప్పుడే గేటు ముందు ప్రొడక్షన్ వ్యాన్ హారన్ కొట్టింది. రాజు నెత్తి మీద కిరీటం షూటింగ్‌కు వెంటనే కావాలట. ప్రొడక్షన్ మేనేజర్ లోపలికే వచ్చేశాడు.

తెర పక్కన టీచరమ్మ చేతిలో నా మాటల కాగితం ఉంది. ఒక్క పదం అందించినా సరిపోయేది. అందించలేదు. మేనేజర్‌కు అడ్డంగా నిలబడి, "జర ఆగు అన్నా. పిల్ల ఇంకా మాట్లాడలె" అన్నారు.

ఆ పెద్దమనిషి ఆగాడు. హారన్ ఆగింది. షెడ్డంతా నాకోసం ఆగింది. ఎంతసేపటికో నా నోట మాట ఒకటి వచ్చింది, దాని వెనకే అన్నీ వచ్చాయి. తర్వాత కిరీటం వ్యాన్ ఎక్కింది. టీచరమ్మ నా చెవిలో, మతికి రాకపోతే ఫికర్ పడకు, రాజు మనుషులు ఆగుతరు అన్నారు.

మాదాపూర్‌లో గాజు మేడలు లేచేనాటికి మేం డిగ్రీలు చేతబట్టుకుని ఇంటర్వ్యూల మీద పడ్డాం. టీచరమ్మ టేపు మెడలో వేసుకుని మా మీద పడ్డారు. ఆవిడ కుట్టిన సల్వార్ల భుజాలు ఎంత కుదురుగా ఉండేవంటే, కుంగిపోయి కూర్చుందామన్నా కుదిరేది కాదు. దెబోరాకు కాల్ సెంటర్లో ఉద్యోగం వచ్చింది, నాకు సాఫ్ట్‌వేర్ కంపెనీలో. మా ఐడీ కార్డులు చేతిలోకి తీసుకుని, మీకు కూడా చీటీలు కట్టిండ్రే అని ఎంతగానో నవ్వారు. నాకు ఇంకో జత కొలతలు తీస్తూనే, తన సమాధి రోజున మాట్లాడాలన్న ఆ మాట కూడా తీసుకున్నారు.

కబురు వచ్చిన మర్నాడే చర్చిలో సమాధి కార్యక్రమం. టీచరమ్మ తన చివరి చీర ముందే మడతపెట్టి ట్రంకుపెట్టెలో ఉంచారట. దానికి ఒక గుడ్డచీటీ కుట్టి ఉంది. సంఘపెద్ద దాన్ని పట్టుకుని లేచి, కళ్లజోడు సర్దుకుని అందరికీ చదివారు. "తెల్ల చీర. మోచేతుల దాకా జాకెట్టు. పిన్నీసు ఎడమ భుజానికి. హుల్దా మాట్లాడాలి."

అయ్యగారివైపు చూశారు. అయ్యగారికి బైబిల్లోని హుల్దా తెలుసు, ఈ హుల్దా ఎవరో తెలియదు. సంఘపెద్ద మెల్లగా నడుచుకుంటూ ఆడవాళ్ల వరసల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"మీలో హుల్దా ఎవరమ్మా?"

నేను లేచాను. భయంగా ఉన్న రోజు కదా, ఆవిడ కుట్టిన సల్వారే వేసుకున్నాను. టీచరమ్మ పడుకున్న పెట్టె దాకా నడిచి వెళ్లి నిలబడ్డాను. రాత్రంతా కూర్చి పెట్టుకున్న మాట ఒక్కటీ లేదు, మళ్లీ గాల్లో కలిసిపోయింది. బయట సమాధుల తోటకు వెళ్లాల్సిన వ్యాన్ ఇంజన్ మోగుతూనే ఉంది. సంఘపెద్ద గడియారం చూసుకున్నారు. అప్పుడు వరసల్లోంచి మా దెబోరా లేచింది.

"జర ఆగుండ్రి అయ్యగారూ. ఆమె ఇంకా మాట్లాడలె."

ఎవరో బయటికి వెళ్లి చెప్పారు. ఇంజన్ ఆగింది. సంఘపెద్ద చేతులు కట్టుకుని నిలబడ్డారు. అయ్యగారూ నిలబడ్డారు. రాజు మనుషులు ఆగారు, నాకు నవ్వొచ్చింది. టీచరమ్మ ఎడమ భుజం మీద పిన్నీసు, ఫ్యాన్ గాలికి చీర కొంగు కదిలినప్పుడల్లా, మెరుస్తూ ఉంది.