నీళ్ళలో కళ్ళు తెరవడం

పిన్నిగారు పోయారన్న కబురు నాకు రేపల్లె స్కూల్లో, స్టాఫ్‌రూములో టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా తెలిసింది. తెనాలి నుంచి మా ఎదురింటావిడ ఫోన్ చేసింది. "పొద్దున కాఫీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారమ్మా. నువ్వు రైలుకి వెళ్ళిన కాసేపటికే," అంది. నాకు ముందు ఏడుపు రాలేదు. 'ఇక ఆ ప్రయాణానికి సాకులు చెప్పక్కర్లేదు' అనిపించింది. ఛీ, అనుకున్నాను. ఈ నాలుగు ముక్కలూ ఆ ఛీ కోసమే రాస్తున్నాను.

ఆవిడ నాకు చుట్టం కాదు. పక్క వాటాలో ఉండేవారు, అంతే. ఆవిడ భర్త బాపట్లలో జాగ్రఫీ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఎడారులు, ప్రవాళ భిత్తికలు, అంటే సముద్రంలో పగడాల దిబ్బలు అంటూ ముప్పై ఏళ్ళు బోర్డు మీద బొమ్మలు గీసిన మనిషి వాటిని ఒక్కసారీ చూడలేదు. అది ఆయన్ని లోపల తొలిచేసింది. "చూడనిది చెప్పడమంటే అబద్ధం చెప్పడమేనమ్మా," అనేవారు నాతో. నేనూ టీచర్నే కాబట్టి ఆ మాట నాకూ గుచ్చుకునేది. రిటైరైన నెలలోనే ఇద్దరూ రైలెక్కారు.

ముందు రాజస్థాన్ వెళ్ళారు. పిన్నిగారు స్టీలు క్యాను నిండా మా కాలవ నీళ్ళు మోసుకెళ్ళారు. "కాలవల మధ్య పుట్టినదాన్ని, ఎడారికి వట్టి చేతులతో ఎలా వెళ్తానే?" అన్నారు. ఆ నీళ్ళు ఇసుక దిబ్బ మీద పోశారట. "చప్పుడు కూడా లేదే అమ్మాయ్. ఎటు పోయాయో తెలీలేదు. అక్కడి నిశ్శబ్దం ఇంకా నా చెవుల్లోనే ఉంది," అనేవారు.

తర్వాత లక్షద్వీపాలు. అక్కణ్ణుంచి వచ్చాక మాస్టారు వీధిలో ఎవరు దొరికినా అరుగు మీద కూర్చోబెట్టి పగడాల గురించే చెప్పేవారు. చివర్లో "నమ్మకపోతే మా ఆవిణ్ణి అడగండి. నా చెయ్యి పట్టుకుని తనూ చూసింది," అనేవారు. పిన్నిగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చెప్పేవారు: జింక కొమ్ముల్లాంటివి, మెదడులా ముడతలు పడ్డవి, వాటి మధ్యలోంచి తోక విదిలించి మాయమైన నీలం చేప. ఎంత బాగా చెప్పేవారో! మాస్టారికన్నా బాగా చెప్పేవారు.

మాస్టారు పోయి మూడేళ్ళు. ఏ ఊరెళ్ళినా ఆయన ఆవిడకి గాజులు కొనేవారు. పదో రోజున అవన్నీ పగలగొట్టారు. ముక్కలు ఊడ్చేద్దామని నేను చీపురు తెస్తే పిన్నిగారు పట్టుకుని ఆపేశారు. "ముట్టుకోకు. నేనే ఏరుకుంటాను." దుఃఖంలో ఉన్న మనిషి కదా, ఊరుకున్నాను.

ఆయన ప్రయాణాల ప్యాంటు ఒకటి ఎవర్నీ ఉతకనిచ్చేవారు కాదు. మడత విప్పినప్పుడల్లా కాళ్ళ అంచుల్లోంచి నాలుగు ఇసుక రేణువులు రాలేవి. "చూశావా, ఇంకా వస్తున్నారు," అనేవారు.

ఒకరోజు నా చెయ్యి పట్టుకుని చెప్పారు. "ఎవరితోనూ అనకు. నేను పగడాలు చూళ్ళేదే."

"అదేంటండీ?"

"నీళ్ళలో మొహం పెట్టగానే గుండె ఝల్లుమంది. కళ్ళు మూసేసుకున్నాను. పైకొచ్చాక 'చూశావా' అన్నారు. చిన్నపిల్లాడిలా వెలిగిపోతున్న ఆ మొహం చూసి లేదని ఎలా చెప్పనూ? చూశానన్నాను. ఆయన చెప్పిందే ఇన్నాళ్ళూ అందరికీ అప్పజెప్పాను."

"పోనిద్దురూ, అదేమంత పాపమని!"

"ఆయన దృష్టిలో అదే పాపం కదే. పోయే ముందు కూడా 'నీలం చేప గుర్తుందా' అన్నారు. గుర్తుందన్నాను. ఇప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడి రోజూ అడుగుతున్నారు. ఒక్కసారి వెళ్ళి కళ్ళారా చూసొస్తే జవాబు చెప్పుకుంటాను. తీసుకెళ్తావా?"

తీసుకెళ్తానన్నాను. పరీక్షలయ్యాక అన్నాను. పేపర్లు దిద్దాక అన్నాను. వానలు తగ్గాక అన్నాను. ఆవిడేమో పెరట్లో పాత ఇత్తడి గంగాళం నిండా నీళ్ళు నింపుకుని, మాస్టారు కొన్న ఈత కళ్ళద్దాలు పెట్టుకుని, రోజూ పొద్దున్నే మొహం ముంచి సాధన మొదలుపెట్టారు. "ఇవాళ పది లెక్కపెట్టేదాకా తెరిచానే!" అని గోడ మీంచి కేకేసేవారు. నేను నవ్వి స్టేషన్‌కి పరిగెత్తేదాన్ని.

ఏదైనా సముద్రమే కదాని ఓ ఆదివారం బాపట్ల దాటించి సూర్యలంక తీసుకెళ్ళాను. నా బాకీ అక్కడితో తీర్చేసుకుందామని ఎత్తు. నడుములోతు నీళ్ళలో మునిగి లేచారు. ఒడ్డున వల సర్దుకుంటున్న పెద్దాయన నవ్వాడు. "ఇక్కడేం కనపడుద్దమ్మా, అంతా కలక నీళ్ళు."

"కనపళ్ళేదు అన్నయ్యా. కళ్ళు మాత్రం తెరిచాను," అన్నారు పిన్నిగారు, చీర కొంగు పిండుకుంటూ.

తిరుగు బస్సులో నా భుజం తట్టారు. "నేను తయారేనే. ఇక నీదే ఆలస్యం." నేను కిటికీలోంచి చేలకేసి చూస్తూ కూర్చున్నాను.

రేపల్లె నుంచి దొరికిన రైలు పట్టుకుని ఇల్లు చేరేసరికి ఆవిణ్ణి వరండాలో పడుకోబెట్టారు. చేబ్రోలు నుంచి వచ్చిన తమ్ముడుగారు నా చేతికి బిందె ఇచ్చారు. "అక్కకి స్నానం చేయించాలమ్మా. పెరట్లో గంగాళంలో నీళ్ళున్నట్టున్నాయి, ముంచుకురా."

కళ్ళద్దాలు గంగాళం అంచునే ఉన్నాయి, ఇంకా తడిగా. నీళ్ళు నిలకడగా ఉన్నాయి. అడుగున పరిచి ఉన్నాయి, పదో రోజున ఆవిడ ఏరుకున్న గాజుల ముక్కలు. ఎర్రవి, ఆకుపచ్చవి, పసుపువి, ఒక్కొక్కటీ చూసి పేర్చినట్టు. పది లెక్కపెట్టేలోగా ఆవిడ రోజూ ఎక్కడికి వెళ్ళొచ్చేవారో అప్పుడు తెలిసింది నాకు.

బిందె కింద పెట్టాను. కళ్ళద్దాలు తగిలించుకుని మొహం ముంచాను. భయమేసి నేనూ కళ్ళు మూసుకున్నాను. చెవుల్లో చప్పుడన్నది లేదు. ఆవిడ చెప్పిన ఎడారి ఇదే కాబోలు అనుకున్నాను. తర్వాత తెరిచాను.

"నీళ్ళు తెస్తున్నావా అమ్మా?" తమ్ముడుగారి గొంతు ఎక్కడో దూరంగా వినిపించింది. నేను తలెత్తలేదు. ఎర్ర ముక్కల సందులోంచి నీలం ముక్క ఒకటి, తోక విదిలించినట్టు, కదిలింది.