మొక్కు తీర్చిన ఫొటో

ఆ కాగితం నా మిషన్‌లోంచే బయటికొచ్చింది. జనగామలో నాది చిన్న జిరాక్స్ దుకాణం. పింఛన్ల దరఖాస్తులు, పాస్‌బుక్కులు, కోర్టు కాగితాలు, ఊళ్లో అందరి గోడూ నా చేతుల మీదుగానే పోతుంది. ఒక్క కాగితం తక్కువ తెచ్చినా కసురుకుంటాను. "కాగితంల లేకుంటె లేనట్టే" అని ముసలివాళ్లను కూడా ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆ రోజు, తమ్ముడి పరిహారం దరఖాస్తుకు ఓడ కంపెనీ ఇచ్చిన జవాబును మా వకీలు ఫోన్‌కు పంపితే నేనే ప్రింటు తీశాను. మూడో పేజీలో మా తమ్ముడు. నెత్తిన బెల్లం మూట, దాని మీద రెండు చేతులూ వేసి నవ్వుతున్నాడు.

ఆ ఫొటో తీసింది నేను. లోకానికి చూపించిందీ నేనే.

మాది బయ్యారం దగ్గరి పల్లె. సముద్రం ఎటు దిక్కున ఉంటుందో కూడా మావాళ్లకు తెలియదు. అలాంటి ఊరి నుంచి తమ్ముడు ఓడ మీద డెక్కు పనికి పోయాడు. కొన్నేళ్లు బాగానే చేశాడు. ఒక రేవులో ఓడను కట్టేస్తుంటే, బిగిసి ఉన్న మోకు తెగి వచ్చి కుడి భుజం మీద కొట్టింది. తాటిచెట్లెక్కేవాళ్ల మోకు కాదు, నా పిక్కంత లావుదట. అక్కడే ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు. ఆ తర్వాత ఆ చేయి తనంతట తాను ఛాతీ దాటి పైకి రాలేదు. ఎవరైనా పట్టి లేపితే లేస్తుంది, వదిలితే పడిపోతుంది. చొక్కా తొడుక్కోవాలన్నా విప్పుకోవాలన్నా మా అవ్వ రావాల్సిందే. కన్నతల్లిని మా దగ్గర అవ్వ అనే పిలుస్తాం.

కంపెనీ డాక్టరు కొద్దిపాటి నష్టమే, మళ్లీ పనికి పోవచ్చని రాశాడు. మహబూబాబాద్‌లో చూపిస్తే ఎముకల డాక్టరు, ఓడ పని ఇక ఈ జన్మలో కాదని రాసిచ్చాడు. ఈ ఇద్దరిలో ఎవరి మాట నిలిస్తే దాన్ని బట్టే తమ్ముడి బతుకు. పనికి పనికిరాడని తేలితే పరిహారం వస్తుంది, కూర్చుని చేసుకునే పని ఏదైనా పెట్టుకుంటాడు. తేలకపోతే ఓడా లేదు, పరిహారమూ లేదు. దరఖాస్తు ఫైలు నేనే కట్టాను. ఒక్క కాగితం తగ్గకుండా కట్టానని గర్వపడ్డాను కూడా.

దెబ్బ తగిలిందని ఫోన్ వచ్చిన రోజే అవ్వ సమ్మక్కకు మొక్కుకుంది. కొడుకు ప్రాణంతో తిరిగొస్తే వాడి ఎత్తు బెల్లం తూకం వేసి ఇస్తానని, అందులో మొదటి మూట వాడే నెత్తిన మోసుకొస్తాడని. చేయి సంగతి అప్పటికి ఆమెకు తెలియదు. తెలిశాక కూడా, అన్న మాట అన్నదే అంది. భూపాలపల్లి అవతలి ఊళ్లో జాతర వస్తే ముగ్గురం బస్సెక్కి పోయాం. అమ్మవార్ల గద్దెల ముందు మూట వాడి నెత్తికెత్తాం. కుడి చేయి లేవదు కదా, అవ్వ పక్కన నిలబడి రెండు అరచేతులతో వాడి మోచేయిని పైకి ఎత్తిపట్టింది. నవ్వు తమ్మీ అంటే నొప్పి మింగుకుని నవ్వాడు. ఆ తోపులాటలో ఒక్క ఫొటోనే తీయగలిగాను.

తిరుగు బస్సులో మా మేనత్త ఫోన్ చేసింది. పలకరింపు అయ్యాక, వాడిని ఊళ్లో అందరూ చెయ్యి పోయినోడు అంటున్నారని చల్లగా చెప్పింది. నాకు ఒళ్లు మండింది. నాకెప్పుడూ ముందు కోపం, తర్వాత ఆలోచన. ఆ ఫొటోలోంచి అవ్వను, వాడి మోచేయితో సహా, పక్కనుంచి కోసేశాను. తమ్ముడొక్కడే నిండుగా మిగిలాడు. సమ్మక్క దయవల్ల మా తమ్ముడు మంచిగయ్యాడని రాసి, వాడి పేరు తగిలించి సోషల్ మీడియాలో పెట్టాను. దరఖాస్తు సంగతి ఆ క్షణాన గుర్తుకే రాలేదు. చూసుకోండి అనుకున్నాను. అందరూ చూసుకున్నారు. కంపెనీ వాళ్లు కూడా.

అసలు ఫొటో ఉందా అని వకీలు అడిగాడు. లేదు. ఫోన్‌లో జాగా చాలదని కోసినదాన్ని ఉంచుకుని అసలుది తీసేయడం నా అలవాటు. ఆ ఫోన్‌ను కూడా మహబూబాబాద్‌లో ఒక దుకాణంలో ఇచ్చేసి కొత్తది తీసుకున్నాను. ఆ దుకాణానికి పోయి బతిమాలాను, తర్వాత గొడవపడ్డాను. పాత ఫోన్లు ఎటు పోతాయో తమకే తెలియదన్నారు. తమ్ముడు తిడతాడని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది. "నువ్వు కావాల్నని చేసినవా అక్కా" అని ఊరుకున్నాడు.

విచారణ వీడియో కాల్‌లో జరిగింది, నా దుకాణంలోనే కూర్చున్నాం. ఫొటోలో ఉన్నది మీరేనా అని అడిగారు. నేనేనన్నాడు. చేయి పైకి లేచి ఉంది కదా అన్నారు. మా అవ్వ ఎత్తిపట్టుకుందన్నాడు. ఆమె ఎక్కడుందో చూపించమన్నారు. నేను ఆగలేక మధ్యలో దూరి, నేనే కోశాను సార్ అని ఏడ్చాను. అక్క కాబట్టి అలాగే చెబుతుందని అవతలి వకీలు మర్యాదగానే అన్నాడు. ఇంకో డాక్టరుకు చూపించమని మా వకీలు కోరితే, ఇంత స్పష్టంగా ఫొటో ఉండగా అక్కర్లేదని విచారణ అధికారి అన్నాడు. రెండు నెలలకు కంపెనీ డాక్టరు మాటే నిలిచింది.

ఆ కబురు చెప్పడానికి ఇద్దరం ఊరికి పోయాం. అవ్వది మామూలు ఫోను, అంతవరకూ ఆమె ఆ ఫొటోనే చూడలేదు. నా చేతిలో కాగితాల్లోంచి ఆ పేజీ లాక్కుని గడపలోకి వచ్చి వెలుతురులో పట్టుకుంది. కొడుకు ముఖాన్ని వేలితో తడిమింది. తర్వాత అంచు దగ్గర వెతికింది. కాగితం వెనక్కి తిప్పి కూడా చూసింది.

"నా చేతులేవి బిడ్డా?" అని నన్నే అడిగింది.

తమ్ముడు నా వైపు చూడకుండా, "ఫొటోల పట్టలేదవ్వా" అన్నాడు.

అవ్వ నమ్మింది. గంతమంది జనంలో ఎట్ల పడతదిలే అనుకుంటూ కాగితం మడిచి నాకిచ్చింది. పొద్దుపోతోంది, స్నానం చెయ్యమని వాడితో చెప్పి, చొక్కా విప్పడానికి వాడి కుడి మోచేయిని రెండు అరచేతులతో మెల్లగా పైకెత్తింది.