మా మేస్త్రిగారు తన మీద వేసుకున్న తప్పు

మా అద్దాల మేస్త్రిగారు పోయారు. సోమవారం పొద్దున్న పాలు కాస్తుంటే టాక్సీ స్టాండు డ్రైవరొకాయన ఫోన్ చేసి చెప్పాడు. రాత్రి భోంచేసి పడుకున్నారట, తెల్లారి లేవలేదట. పాలు పొంగి పొయ్యి ఆరిపోయేదాకా నాకు స్పృహ లేదు.

రామచంద్రపురంలో ఇంజను చూసే మెకానిక్కులకు కొదవ లేదు. ఈయన మాత్రం తలుపుల మనిషి. పాత కార్ల తలుపు అద్దం మధ్యలో ఇరుక్కున్నా, పైకెక్కించిన అద్దం గతుకు తగలగానే జర్రున జారిపోయినా, కాలవ గట్టు మీద ఆయన షెడ్డుకే తీసుకెళ్ళేవాళ్ళు. మాది నలభై ఏళ్ళ కారు. మా వారు హైస్కూల్లో లెక్కలు చెప్పే రోజుల్లో కొన్నది. దాన్ని అమ్మేయమని సలహా ఇవ్వని బంధువు లేడు. అలా సలహా ఇచ్చినవాళ్ళెవరూ దాంట్లో ఎక్కడం మాత్రం మానలేదు.

మొదటిసారి ఎడమ తలుపు అద్దం జారిపోతోందని వెళ్ళాం. ఆయన ముందు టీ తాగి, ఆ సాసరులో స్క్రూలు విప్పిన వరసలోనే పేర్చుకున్నారు. తర్వాత తలుపులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, మొహం కాలవ వైపు తిప్పి, కోరుకొండ స్వామి కల్యాణానికి ఆ ఏడు ఎంత జనం వచ్చారో చెప్పడం మొదలుపెట్టారు.

"లోపలికి చూడరా?" అన్నాను.

"అక్కడ కళ్ళకేం కనపడుద్దండి. చెయ్యే చూసుకుంటదండి."

అద్దాన్ని అడుగున పట్టుకునే రబ్బరు ఎండిపోయిందట. పాత సైకిలు ట్యూబు ముక్క కోసి, అక్కడ పెట్టి బిగించారు. ఇక ఆ అద్దం జారలేదు. మేం బయల్దేరుతుంటే నేను తలుపు ధడేల్మని వేశాను. ఆయన మళ్ళీ తీసి, మెల్లగా వేసి చూపించారు. "తలుపుని కొట్టకండమ్మగారు, వేయండి" అన్నారు. అప్పటినుంచి మా వీధిలో ఎవరు కారు తలుపు విసిరినా నాకు ఒళ్ళు మండుతుంది. ఒకరిద్దరితో తగువు కూడా పడ్డాను.

నాలుగేళ్ళ కిందట మా వారికి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. బండి నడపడం నా వంతయింది. ఆయన నా పక్కన, ఎడమ తలుపు దగ్గర కూర్చునేవారు. ఆ తలుపుకి మోటారు పెట్టమని, మీట నొక్కితే అద్దం దిగిపోయేలా చెయ్యమని మేస్త్రిగారిని అడిగాను.

"మోటారు పెడితే అద్దం దిగుద్దండి. మాస్టారి చెయ్యి తిరగదు కదండీ," అన్నారాయన.

మా ఇంటికే వచ్చి, అద్దం నడిచే గాడిలోని గుడ్డపట్టీ మార్చి, మా ఇంట్లోని పౌడరు డబ్బా అడిగి తీసుకుని దాని మీద చల్లి, అద్దం దించే హ్యాండిల్ మరీ వదులూ మరీ బిగువూ కాకుండా కుదిర్చి వెళ్ళారు. మా వారు రోజూ బండెక్కగానే ఎడమ చేత్తో ఆ హ్యాండిల్ పట్టుకునేవారు. మొదట పావు చుట్టు, తర్వాత అర చుట్టు. నేను చెయ్యి వేయబోతే కసిరేవారు. నెలన్నర తర్వాత ఒక రోజు అద్దం సగానికి దించి, కాలవ గాలికి మొహం పెట్టి కూర్చున్నారు. రోడ్డు సరిగ్గా కనబడక బండి పక్కకు ఆపుకుని కళ్ళు తుడుచుకున్నాను.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఆయన కష్టం చూడలేక, ఆయనకు తెలియకుండా ఆ గాడిలో కొబ్బరినూనె పోశాను. మా ఇళ్ళలో తలకీ అదే, కీచుమనే తలుపుకీ అదే, కాలిన చేతికీ అదే. వారం తిరగలేదు, ధనుర్మాసపు చలి ముదిరింది. రాజమండ్రిలో ఫిజియోథెరపీకని తెల్లవారుజామున బయల్దేరాం. ఆయన హ్యాండిల్ పట్టుకున్నారు. కదల్లేదు. మళ్ళీ పట్టుకున్నారు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "మళ్ళీ పోయిందే నా చెయ్యి. ఇంక రాజమండ్రి ఎందుకు, ఇంటికి పద" అన్నారు. ఆ రోజు అన్నం ముట్టలేదు.

మేస్త్రిగారు మా ఇంటికొచ్చి తలుపు విప్పారు. గాడి నిండా తెల్లగా పేరుకున్న నూనె, దానికంటుకున్న దుమ్ము. వేలితో తీసి వాసన చూశారు. మా వారి కుర్చీ వెనక నిలబడ్డ నా వైపు ఒక్కసారి చూశారు. నూనె సంగతి బయటపడితే, వారం కిందటే పోశానన్నా వినకుండా, అన్నాళ్ళూ తిరిగింది తన చెయ్యి కాదని, నా నూనేనని మా వారు నమ్మేస్తారు. ఇంకెప్పుడూ ఆ హ్యాండిల్ పట్టుకోరు.

"మాస్టారండి, తప్పు నాదేనండి. వెయ్యకూడని గ్రీజు వేసేశాను, చలికి గడ్డకట్టేసింది. మీ చెయ్యి శుభ్రంగా ఉందండి," అన్నారాయన.

గాడి కడిగి, పట్టీ మార్చి, మళ్ళీ పౌడరు చల్లారు. మా వారు తిప్పారు. అద్దం దిగింది.

మర్నాడు నేను షెడ్డుకెళ్ళి, మా వారికి నిజం చెప్పేస్తానని ఏడ్చాను. "మాస్టారి చెయ్యి బాగుపడేదాకా ఉండనివ్వండమ్మగారు" అన్నారు. చెయ్యి బాగుపడింది. నాకే నోరు రాలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ నాలుగు చలికాలాలు దాటించాను. మా వారు ఈలోగా ఆ గ్రీజు కథ ఊరంతా నవ్వుతూ చెప్పారు. ఎదురైనప్పుడల్లా "ఏం మేస్త్రిగారూ, ఇవాళ డబ్బా చూసుకునే తీశారా?" అనేవారు. ఆయన తల వంచుకుని నవ్వేవారు. ఆ మాట విని ఇద్దరు ముగ్గురు బళ్ళు వేరే షెడ్డుకి తోలుకెళ్ళారని నాకు తెలుసు. తెలిసి కూడా ఊరుకున్నాను.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక టాక్సీ స్టాండు వాళ్ళంతా పందిట్లోనే కూర్చుని ఉన్నారు. నేను లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ రోజు ఆయన గ్రీజు వేయలేదు, నూనె పోసింది నేను. మా వారు మేస్త్రిగారి భార్య వైపు తిరిగి, "ఊరంతా చెప్పింది నేనమ్మా. నన్ను క్షమించు" అన్నారు.

ఆవిడకు కోపం రాలేదు. తెల్లబోయి చూసింది.

"నాతో కూడా అలాగే చెప్పేరండి, గ్రీజు తేడా చేసేశానని. చూపు మందగించిందనుకున్నానండి నేను. పోరి పోరి రాజమండ్రి కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళాను. కిక్కురుమనకుండా వచ్చేరండి. జోడు కూడా చేయించుకున్నారు."

లోపలికెళ్ళి బీరువాలోంచి కళ్ళజోడు పెట్టె తెచ్చింది. జోడు కొత్తగా ఉంది. షాపువాళ్ళు అంటించిన చిన్న కాగితం ముక్క ఒక అద్దం మూల ఇంకా అలాగే ఉంది.

ఆవిడ ఆ కాగితాన్ని గోటితో తీసి, కొంగుతో అద్దాలు తుడవడం మొదలుపెట్టింది. వాటి మీద తుడవడానికి ఏమీ లేదు. మేం చెప్పులు వేసుకుని గేటు దాటేటప్పటికి కూడా తుడుస్తూనే ఉంది.